గొంతు పోయిన వారం

మార్చిలో మా కోర్టు మీద గాలి కూడా ఎర్రగా ఉంటుంది.
యార్డులో పట్టని మిరపకాయ రోడ్డు దాకా వచ్చేస్తుంది.
లేఅప్‌కి లేచిన పిల్ల గాల్లోనే తుమ్ముతుంది,
బంతి రింగు తప్పి సైడు కాలవలో పడుతుంది.

రెండేళ్లు నేను అరిచాను.
"షమీమ్, స్క్రీన్! దీవెనా, కుడికి! తిరుగు, తిరుగు, తిరగవే!"
ఐదుగురు పిల్లలు, ఒకటే నోరు.
నేను ఊపిరి తీసుకోడానికి ఆగితే వాళ్లూ ఆగేవాళ్లు.
మమ్మల్ని ఆపడం అవతలి జట్టుకి ఎంత తేలికో!
నా మాట వింటే చాలు.

షమీమ్‌కి నిలబడటం రాదు.
ఐదడుగుల తొమ్మిదంగుళాలు,
ఊహ తెలిసినప్పట్నుంచీ ఒదుగుతూ వచ్చిన పిల్ల.
క్లాసు ఫోటోలో మోకాళ్లు వంచిన పిల్ల.
దారికి అడ్డంగా నిలబడవే అంటే
తగలకముందే సారీ చెప్పి పక్కకి జరిగేది.
జరిగితే విజిల్. మూవింగ్ స్క్రీన్.
బంతి వాళ్లది.

వాళ్ల నాన్న మస్తాన్‌వలి యార్డులో హమాలీ.
ఓ శనివారం జట్టునంతా అక్కడికే తీసుకెళ్లాను,
ముక్కులకి చున్నీలు కట్టించి.
టిక్కీల వరసల మధ్య సందు మనిషిన్నర వెడల్పు.
ఒకడు పాదాలు నాటి నిలబడతాడు.
వీపున బరువుతో రెండోవాడు
వాడి భుజాన్ని రాసుకుంటూ మలుపు తిరుగుతాడు,
మధ్యలో కాగితం కూడా దూరదు.
వాడు దాటాడో లేదో, నిలబడ్డవాడు
మడమ మీద తలుపులా తెరుచుకుని
ఖాళీ అయిన వైపుకి చేతులు చాపుతూ పోతాడు.
తక్కినవాళ్లు చూస్తూ ఉండరు,
ఒకడు వదిలిన చోటికి ఇంకొకడు,
పైనుంచి టిక్కీ దిగేసరికి అక్కడో వీపు ఉంటుంది.
ఎవరూ ఎవర్నీ పిలవరు.
నోరు తెరిస్తే దగ్గు.

"నాన్నా, తగలదా నీకు?" అంది షమీమ్.
"తగలాలనేగా నిలబడేది" అన్నాడాయన,
బీడీ కోసం జేబు తడుముకుంటూ.

ఆ రాత్రే నా గొంతు పోయింది.
ఘాటో, రెండేళ్ల అరుపో.
వారం మాట్లాడొద్దన్నాడు డాక్టరు.
వచ్చే ఆదివారమే విజయవాడలో మ్యాచి.

సోమవారం ఐదుగురూ నా మొహం చూస్తూ నిలబడ్డారు.
సుద్దముక్కతో సిమెంటు మీద బాణాలు గీశాను.
మంగళవారం తలలొంచి బాణాల మీదే నడిచారు,
దీవెన వెళ్లి నాగదుర్గని గుద్దుకుంది.
బుధవారం చీపురు తెచ్చి బాణాలన్నీ ఊడ్చేశాను.
పలక మీద ఒకటే రాశాను:
"నన్ను కాదు, వాళ్ల కాళ్లు చూడండి."

స్క్రీన్ వెనకనుంచి పోతే ఉన్నచోటే కొట్టు.
ఇద్దరూ బంతి మీదకొస్తే షమీమ్ ఖాళీ.
షమీమ్ కోసం మూలనుంచి ఒకత్తి దిగితే ఆ మూల ఖాళీ.
ఒకదాన్ని ఇద్దరు పట్టుకుంటే
మిగిలిన నలుగురికి ముగ్గురే.
మూడో తరగతి తీసివేత.
ఇది చెప్పడానికా నేను గొంతు చించుకున్నది?

గురువారం సలోమి,
మూలన నిలబడి జడ సవరించుకునే సలోమి,
ఎవరూ చెప్పకుండా పైకి లేచొచ్చింది.
అది వదిలిన చోట్లోకి ఝాన్సీ జారింది.
చప్పట్లు కొట్టబోయి ఆగాను.
అదీ అరుపే కదా.

బెజవాడలో చెక్క నేల.
మావాళ్లు ముందు చెప్పులు విప్పాలేమో అనుకున్నారు.
ఆఖరి నిమిషం, ఒక్క పాయింటు వెనక.
షమీమ్ నిలబడింది.
నిండు ఎత్తున, చేతులు గుండెకి కట్టుకుని.
వాళ్ల గార్డు వచ్చి తగిలిన చప్పుడు
బెంచీ దాకా వినపడింది.
జరగలేదు.
దీవెన ఆ భుజాన్ని రాసుకుంటూ పోయింది,
తలుపు తెరుచుకుంది,
బంతి షమీమ్‌కి, షమీమ్ నుంచి మూలకి,
సలోమి షాటు రింగు మీద రెండు చుట్లు తిరిగి
బయటికి పడింది.

మంగళగిరి దాటేదాకా బస్సులో ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత వెనక సీట్లో మొదలైంది దెబ్బలాట.
సలోమి కొట్టాలా, ఝాన్సీకి ఇవ్వాలా?
ఐదు నోళ్లు.
నా గొంతు అప్పటికి కొంచెం వచ్చింది.
కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

షమీమ్ మోకాళ్లు నడవలోకి చాపుకుంది.
"కాళ్లు తియ్యమ్మా" అన్నాడు కండక్టరు.
తియ్యలేదు.
ఒక్క క్షణం చూసి, ఆయనే భుజం వంచి
రాసుకుంటూ దాటిపోయాడు.